జిమ్ రీవ్స్ పాట: అసలు రికార్డింగా, తర్వాత వాయిద్యాలు మార్చిందా?

అమెరికా గాయకుడు జిమ్ రీవ్స్ భక్తి పాటల ఆల్బమ్ ‘వి థ్యాంక్ దీ’ 1962లో వచ్చింది. అందులోని ‘ఐడ్ రాదర్ హావ్ జీసస్’ పాట మా నాన్నగారి పాత కేసెట్‌లో ఉంది. దాన్ని కంప్యూటర్‌లోకి ఎక్కిస్తుంటే ఫోన్‌లో దొరికే పాటతో కలవడం లేదు.

మొదట శ్రుతి సరిగ్గా అర మెట్టు పైన వినిపించింది. కేసెట్ ప్లేయర్ (డెక్) హెడ్‌ని స్పిరిట్‌తో తుడిచాను, బెల్టు మార్చాను, వేరే డెక్‌లో పెట్టి చూశాను. అదే తేడా. మిగతా కేసెట్లు రెండు డెక్‌లలోనూ సరిగ్గానే పాడుతున్నాయి. ఆడాసిటీ అనే ఆడియో ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌లో వేగం 6 శాతం దాకా తగ్గిస్తే శ్రుతి, నిడివి రెండూ సరిపోయాయి. గొంతు కూడా మాటమాటకీ కలిసింది.

కానీ వెనక వాయిద్యాలు కలవలేదు! ఫోన్‌లో మెత్తగా వినిపించే గిటార్ కేసెట్‌లో దాదాపు లేదు. వయొలిన్లు, బృందగానం మాత్రం ముందుకొచ్చి వినిపిస్తున్నాయి. కేసెట్ అట్ట మీద సంవత్సరం లేదు.

1964 జూలై 31న నాష్‌విల్ దగ్గర విమాన ప్రమాదంలో జిమ్ రీవ్స్ పోయాక, భార్య మేరీ చొరవతో ఆయన గొంతుకి కొత్త వాయిద్యాలు కలిపి చాలా పాటలు విడుదల చేశారు. ఇదీ అలాంటిదేనేమో అని అనుమానం. నాన్నగారు ఏళ్ల తరబడి విన్నది ఏదో, దాన్నే భద్రపరచాలని నా కోరిక.

కేసెట్‌లో ఉన్నది 1962 నాటి రికార్డింగా, తర్వాత వాయిద్యాలు మార్చినదా అని ఏ ఆనవాలు బట్టి తేల్చుకోవాలి?