ఆటిజం ఉన్న డైరెక్టర్‌ని. యూనిట్‌కి ముందే చెప్పేయాలా?

అడిగినది: మానిటర్ పక్కన

నాకు 34 ఏళ్లు. ఆటిజం ఉందని 31వ ఏట తెలిసింది. ఇప్పటిదాకా మూడు షార్ట్ ఫిల్మ్‌లు తీశాను. ఇప్పుడు మొదటి ఫీచర్ మొదలవబోతోంది. 22 రోజుల షూటింగ్, సెట్‌లో రోజూ ముప్పై మందికి తక్కువ ఉండరు.

సినిమా తీయడం నాకు కష్టం కాదు. షాట్ డివిజన్ రాసుకునేటప్పుడే కుర్చీ ఎక్కడుందో, వెలుగు ఏ వైపు నుంచి పడుతోందో, పాత్ర ఎన్నో అడుగులో ఆగుతుందో నాకు కనిపిస్తూ ఉంటుంది. కష్టమల్లా దాన్ని అంతమంది మధ్య నిలబడి చెప్పడమే.

పోయినసారి మూడో రోజు జరిగింది చెప్తాను. అనుకున్న గది దొరకలేదు, పక్క గదిలో తీసేద్దామన్నారు. మేం చూసిపెట్టుకున్న గదికి కిటికీ తూర్పున ఉంది, దీనికి ఉత్తరాన. నా తలలో ఉన్న పద్నాలుగు షాట్లూ ఒక్కసారిగా చెరిగిపోయాయి. సరిగ్గా అప్పుడే కెమెరామన్ ఏ లెన్స్ పెట్టమంటారని, కాస్ట్యూమర్ నీలం చొక్కానా తెల్లదా అని, ఆర్ట్ వాళ్లు మంచం తీసేయాలా అని అడుగుతున్నారు. నడుముకున్న వాకీటాకీలో ఎవరో ఎవర్నో పిలుస్తున్నారు. పైన ట్యూబ్‌లైట్ సన్నగా గీమంటోంది. అన్నీ వినపడుతున్నాయి, ఒక్క మాటా అర్థం కావడం లేదు. నోరు పెగల్లేదు. టేప్ చుట్ట అంచుని గోటితో గీకుతూ అలాగే కూర్చుండిపోయాను, పదకొండు నిమిషాలు. నేను కెమెరామన్ మీద అలిగాననుకున్నారట అందరూ. ఆయన సాయంత్రం దాకా పనికి కావలసిన మాట తప్ప ఇంకోటి మాట్లాడలేదు.

ఇంకొకటి. టేక్ అవగానే "బాలేదు, మళ్లీ" అంటాను. ఫోకస్ పోయిందని నా ఉద్దేశం. ఎదురుగా ఉన్న నటుడి మొహం వాడిపోతుంది. అది నాకు ఎడిటింగ్‌లో కూర్చుని చూసుకున్నాక గానీ తెలియలేదు.

ముందే చెప్పేస్తే "ఈవిడ చేతిలో సినిమా పెట్టారేంటి" అనుకుంటారేమోనని భయం. చెప్పకపోతే మళ్లీ ఆ పదకొండు నిమిషాలు వస్తాయేమోనని టెన్షన్. ఇలాంటి సెట్‌లో పనిచేసినవాళ్లు చెప్పండి.

జవాబు: కో-డైరెక్టర్, చాలా ఏళ్ల నుంచి

మేడం, చెప్పాలా వద్దా అన్నది మీ ఇష్టం. కానీ ఆ రోజు జరిగినదాంట్లో తప్పు మీ కో-డైరెక్టర్‌ది. నలుగురు ఒకేసారి డైరెక్టర్ మీద పడుతుంటే ఆపాల్సింది అతనే.

నా సెట్‌లో పద్ధతి ఇది. కట్ చెప్పాక డైరెక్టర్ నోరు విప్పేదాకా మానిటర్ దగ్గరికి ఎవరూ రారు. ఏదైనా ముందు నన్నే అడగాలి. నేను చెప్పగలిగింది నేనే చెప్పేస్తాను. మిగతావి నోట్‌బుక్‌లో రాసుకుని, లైటింగ్ మార్చే టైంలో ఒక్కొక్కటే అడుగుతాను. "ఏ చొక్కా?" అని గాల్లో అడగను. రెండూ తెచ్చి ఎదురుగా పట్టుకుంటాను, వేలు చూపిస్తే చాలు. వాకీటాకీ మీ దగ్గర అస్సలు ఉండకూడదు, నా చెవిలో ఇయర్‌పీస్‌తో ఉంటుంది.

లొకేషన్ మారితే మాత్రం, ఖాళీ గదిలోకి మీరూ కెమెరామనూ ఇద్దరే వెళ్లండి. పావుగంట. లైట్‌మెన్‌తో సహా అందరూ బయటే. టైం పోతోందని ప్రొడక్షన్ వాళ్లు గొణుగుతారు, నేను పడతాను ఆ మాటలు. మార్పు ఏదైనా సరే నోటితో చెప్పి వదిలేయకుండా కాగితం మీద రాసి మీ చేతికివ్వమనండి. షూటింగ్‌కి ముందు లొకేషన్ చూసుకోవడానికి, అదే రెక్కీకి, వెళ్లినప్పుడు పక్క గదులు కూడా ఫొటోలు తీసి, కొలతలు రాసుకోండి.

జవాబు: నేనూ ఆటిస్టిక్‌నే, రెండు సినిమాలు తీశాను

మీరు చెప్పిన ఆ పదకొండు నిమిషాలకు పేరుంది, షట్‌డౌన్. అలగడం కాదది. భారం ఎక్కువై మాట ఆగిపోవడం. శబ్దానికీ వెలుతురుకీ స్పందించే తీరుని 2013లో వచ్చిన డీఎస్ఎం-5 (అమెరికా సైకియాట్రిస్టుల సంఘం వేసే, మానసిక రుగ్మతలను నిర్ధారించే పుస్తకం) ఆటిజం లక్షణాల్లో చేర్చింది. కాబట్టి ఆ ట్యూబ్‌లైట్ మోత మీ ఊహ కాదు. దాన్ని మార్పించండి, లేదా ఆర్పించండి.

నేను చెప్పేశాను. మొదటి సినిమాకి దాచాను, రాత్రికి పక్క మీద పడితే లేవలేకపోయేవాణ్ని. రెండో దానికి మొదటి రోజు మొదటి షాట్ ముందు అందర్నీ పిలిచి కాగితం చూసి చదివాను. "నాకు ఆటిజం ఉంది. మీ కళ్లలోకి చూడకపోయినా వింటూనే ఉంటాను. నా గొంతులో కోపం వినిపిస్తే కోపమా అని అడగండి, నిజమే చెప్తాను. అరచెయ్యి గుండెల మీద పెట్టుకుంటే ఐదు నిమిషాలు నన్ను వదిలేసి కో-డైరెక్టర్‌ని అడగండి." అంతే. క్షమించమని అడగలేదు, మీరూ అడగకండి.

అందరూ బాగా తీసుకున్నారని చెప్పను. ఒకాయన నాతో చిన్నపిల్లాడితో మాట్లాడినట్టు సాగదీస్తూ మాట్లాడటం మొదలుపెట్టాడు. పక్కకి పిలిచి, మామూలుగా మాట్లాడండి చాలన్నాను. మానేశాడు. కానీ గుండెల మీద చెయ్యి పెట్టిన ప్రతిసారీ యూనిట్ నాకు ఆ ఐదు నిమిషాలూ ఇచ్చింది.

డేమియన్ మిల్టన్ అని ఒక పరిశోధకుడున్నారు, ఆయనా ఆటిస్టిక్కే. మనకూ మిగతావాళ్లకూ మధ్య అర్థంకాకపోవడం ఒక వైపు లోపం కాదు, రెండు వైపులా ఉంటుందని 2012లో రాశారు. అది చదివాక మీ కెమెరామన్ లాంటివాళ్ల మీద నాకు కోపం పోయింది. ఆయనకి మీ మౌనం అర్థం కాలేదు, మీకు ఆయన ముభావం అర్థం కాలేదు.

చిన్న విషయం ఇంకొకటి. సీన్ అయ్యాక సౌండ్ రికార్డిస్ట్ చేత రూమ్ టోన్, అంటే ఎవరూ మాట్లాడనప్పుడు ఆ గదిలో ఉండే శబ్దం, తప్పకుండా తీయించండి. ఒక నిమిషం ముప్పై మందీ ఊపిరి బిగబట్టి నిలబడతారు. ఎడిటింగ్‌కి అది ఎలాగూ కావాలి. నాకు రోజంతటిలో ఆ నిమిషమే విశ్రాంతి.

జవాబు: నటిని

"బాలేదు" విన్నప్పుడు మా మొహం ఎందుకు వాడుతుందో చెప్తాను. టేక్‌లో మేం ఇచ్చింది ఏదైనా అది మా ఒంట్లోంచే వస్తుంది. కాబట్టి బాలేదంటే మేమే బాలేదనిపిస్తుంది. "ఫోకస్ పోయింది, నువ్వు చేసింది అచ్చంగా అలాగే కావాలి" అనండి. ఇంకో పది సార్లయినా చేస్తాం.

మీలాంటి డైరెక్టర్‌తో ఒకసారి పనిచేశాను. "ఇంకొంచెం ఫీల్ అవ్వు" అని ఎప్పుడూ అనలేదు. నాకు ఆ మాట ఎన్నడూ అర్థం కాలేదు కూడా. ఆవిడ అన్నది ఇది: "కప్పు కింద పెట్టేటప్పుడు చప్పుడు రాకూడదు. పక్కగదిలో ఆయన మేలుకుంటాడు." ఆ కప్పుని నేను రెండు చేతులతో పట్టుకుని, అడుగు అంచు ముందు ఆనించి, వేళ్లు ఒక్కొక్కటే తీశాను. భయం దానంతటదే వచ్చింది. నా మొహం గురించి ఆవిడ ఒక్క మాటా చెప్పలేదు. ఆ రీతిని వదులుకోకండి, దయచేసి.

అడిగినది: మానిటర్ పక్కన

అందరివీ రెండేసి సార్లు చదివాను. వాకీటాకీ నా దగ్గర ఉండదు, కో-డైరెక్టర్‌తో మాట్లాడేశాను. ఆ నాలుగు వాక్యాలు నా మాటల్లో రాసుకుంటున్నాను, మొదటి వాక్యానికే సాయంత్రం గడిచిపోయింది. ముందుగా పాత కెమెరామన్‌కి చదివి వినిపిస్తాను, ఈ సినిమాకీ ఆయనే. గుండెల మీద చెయ్యి నాకు కుదరదు, ఆ క్షణంలో చేతులు టేప్ చుట్ట వదలవు. చుట్ట నా చేతిలో కనిపిస్తే అదే గుర్తు అని చెప్తాను.