హోటల్ ముంగట కొడుతుంటే చూసి, చూడలేదన్నోడు తప్పు చేసినట్టేనా?

కందిచేను: మాది దేవరకొండ దిక్కు. మొన్న పొద్దుగాల హోటల్ కాడ ఒక పిలగాణ్ణి నలుగురు కొట్టిండ్రు. మాదిగోల్లకని పెట్టిన ప్లాస్టిక్ గ్లాసు వద్దని, అందరు తాగే స్టీలు గ్లాసుల చాయ్ అడిగిండు. గంతే. నా చేతిల చాయ్ నా చేతిలనే సల్లారింది. కొట్టినోళ్లల్ల ఒకడు మా బామ్మర్ది. పోలీసులు అడిగితే "ఇప్పుడే వచ్చిన సార్" అన్న. నేనైతే చెయ్యి లేపలే గదా?

ఎడమకాలువ: చెయ్యి లేపలే, నోరూ లేపలే. 2018ల మా మిర్యాలగూడల ఆసుపత్రి బయట కులం కోసం పిలగాణ్ణి నరికిండ్రు. మొదటి నిందితుడు అతని భార్య కన్నతండ్రే. అయినా ఆ బిడ్డ నోరు మూసుకొని ఉండలే. 2025 మార్చిల నల్లగొండ కోర్టు ఒకనికి ఉరి, ఆరుగురికి యావజ్జీవం ఏసింది. నీది ఉత్త బామ్మర్ది అన్నా.

బత్తాయితోట: ఆరున్నరేండ్లు పట్టింది, అది గూడ చెప్పు. మా నాయిన ఒక కొట్లాట కేసుల సాక్షి. తారీఖు తారీఖుకు బస్సెక్కిండు. ఆఖరుకు దెబ్బలు తిన్నోడే రాజీపడ్డడు. మా పొలానికి మాత్రం రెండేండ్లు కోత మిషను రాలే. ఫోన్ల నీతులు చెప్పుడు అల్కగనే ఉంటది.

నల్లకోటు: పోలీసులకిచ్చే వాంగ్మూలం మీద సంతకం అక్కర్లేదు, చాలామందికి ఇది తెలియక భయపడతారు. ఎస్సీ, ఎస్టీలపై అత్యాచారాల నిరోధక చట్టంలో 2015 సవరణ తర్వాత సాక్షికి రక్షణ, ప్రయాణ ఖర్చులు హక్కు. అడగనిదే ఇవ్వరనుకోండి. ఈ కేసు డీఎస్పీ దర్యాప్తు చేయాలి, ఆయన్నే కలవండి. ఆలస్యమైనకొద్దీ "మొదట లేనన్నావుగా" అని ఎదుటి లాయరు పట్టుకుంటాడు.

పాలమూరుఅక్క: ఇంతమంది ఇన్ని రాసిండ్రు, ఆ పిలగాడు ఎట్లున్నడని ఒక్కరన్న అడిగిండ్రా?

కందిచేను: మోచెయ్యి ఇరిగిందట అక్కా. వాళ్లమ్మ ఆటోల దవాఖానకు తీస్కపోయింది. నా ముంగట్నుంచే పోయింది ఆటో. ఆమె నన్ను చూసింది.

పాలమూరుఅక్క: మరింక మమ్మల్నెందుకు అడుగుతున్నవ్ తమ్మీ?

కందిచేను: రేపు డీఎస్పీ ఆఫీసుకు పోదామనుకుంటున్న. ఇంట్ల చెప్పి పోవాల్నా, చెప్పకనా?

బత్తాయితోట: చెప్తే పోనియ్యరు. నేనిప్పటికీ పొమ్మంటలే. కొండమల్లేపల్లిల నాకు పనుంది, పదింటికి బస్టాండు కాడ ఉంట.