కాలిన్సన్, బార్ట్రామ్ ఉత్తరాలు: స్నేహమా, చవకగా చేయించుకున్న చాకిరీనా?

కొండగోగు (చర్చ మొదలుపెట్టినవారు)

18వ శతాబ్దపు బ్రిటన్‌లో వృక్షశాస్త్రం ఉత్తరాల మీదే నడిచింది. వాటిలో నేను మళ్లీ మళ్లీ చదివేవి పీటర్ కాలిన్సన్, జాన్ బార్ట్రామ్ రాసుకున్నవి. కాలిన్సన్ లండన్‌లో బట్టల వ్యాపారి, శాస్త్రజ్ఞుల సంఘమైన రాయల్ సొసైటీ సభ్యుడు. బార్ట్రామ్ ఫిలడెల్ఫియా దగ్గర స్కూల్‌కిల్ నది ఒడ్డున ఉన్న రైతు. అప్పటికి అది బ్రిటిష్ వలస ప్రాంతం. 1730ల మొదట్లో మొదలైన ఉత్తరాలు 1768లో కాలిన్సన్ పోయేదాకా ఆగలేదు. దాదాపు 35 ఏళ్లు. అన్నేళ్లలో ఇద్దరూ ఒకరినొకరు ఒక్కసారి కూడా చూసుకోలేదు.

ఎవరు చెప్పినా దీన్ని సముద్రం దాటిన గొప్ప స్నేహంగానే చెబుతారు. నాకు అభ్యంతరం అక్కడే.

లెక్క చూడండి. ఒక పెట్టె విత్తనాలకు 5 గినీలు (అప్పటి బ్రిటిష్ నాణేలు). పెట్టెలో సుమారు వంద రకాలు ఉండాలి. విత్తనం ముదిరేది శరదృతువులో, పొలంలో కోతలూ అప్పుడే. పొలం వదిలి గుర్రమెక్కి అడవులు పట్టేది బార్ట్రామ్. 1738లో వర్జీనియా వైపు వెళ్లినప్పుడు ఐదు వారాల్లో 1,100 మైళ్లు తిరిగాడు. ఆ విత్తనాలతో కళకళలాడినవి ఎసెక్స్‌లో లార్డ్ పీటర్ థార్న్‌డన్ ఎస్టేటూ, రిచ్‌మండ్, బెడ్‌ఫర్డ్ డ్యూకుల తోటలూ.

పేర్ల సంగతి ఇంకా బాధ. బార్ట్రామ్ పంపిన మొక్కలకు పేర్లు చెప్పింది ఆక్స్‌ఫర్డ్‌లో డిలేనియస్, చెల్సీ తోటలో ఫిలిప్ మిల్లర్, స్వీడన్‌లో మొక్కలకు పేర్లు పెట్టే పద్ధతి తెచ్చిన లిన్నేయస్. కాలిన్సన్ పేరున కాలిన్సోనియా అనే ప్రజాతి (దగ్గరి మొక్కల జాతుల గుంపు) ఉంది, పెట్టింది లిన్నేయసే. బార్ట్రామ్ పేరుతో ఇవాళ వాడుకలో ఉన్న ప్రజాతి ఒక నాచు. ఆ పేరు వచ్చింది 1801లో, ఆయన పోయిన 24 ఏళ్లకు.

ఉత్తరాల్లో గొంతు కూడా వినండి. వర్జీనియాలో పెద్దమనుషుల ఇళ్లకు వెళ్లబోతుంటే, శుభ్రంగా, మంచి బట్టలు వేసుకుని వెళ్లు, అక్కడివాళ్లు మనిషి లోపలి కంటే పైరూపం ఎక్కువ చూస్తారు అని కాలిన్సన్ రాశాడు. ఒకసారి తన పాత టోపీ పంపాడు. దానికి చిల్లులున్నాయని బార్ట్రామ్ నొచ్చుకున్నాడు. సాటి శాస్త్రజ్ఞుడికి ఎవరైనా చిల్లుల టోపీ పంపుతారా?

తపాలా బండి

కొండగోగు గారూ, టోపీ సంగతి సగంలో ఆపేశారు. దానికి కాలిన్సన్ ఏమని జవాబు రాశాడో కూడా చెప్పాలి కదండీ. అంచున ఒకటి రెండు చిన్న చిల్లులున్న మాట నిజమే, కానీ లోపలి లైనింగ్ కొత్తది, ఎవరికో ఇచ్చేసే బదులు నాకే తిరిగి పంపి ఉంటే పల్లెలో వానల్లో ఇంకో రెండు మూడేళ్లు పెట్టుకునేవాణ్ణి అన్నాడు. తనే ఇంకా పెట్టుకోగల టోపీ అది. పనివాడి మీద దయతో పారేసిన వస్తువు కాదు. పైగా యజమాని పంపినదానికి వంక పెట్టి ఉత్తరం రాసే ధైర్యం జీతగాడికి ఉంటుందా? అంత చనువు ఉన్నచోటే అంత అలక.

5 గినీలు చవక అన్నారు. ఆ డబ్బు వసూలు చేసిపెట్టింది ఎవరు? కాలిన్సన్. ఓడ రాగానే రేవుకు మనిషిని పంపి, కస్టమ్స్ నుంచి పెట్టెలు విడిపించి, ఎవరివి వాళ్లకు చేర్చి, ప్రభువుల వెంటపడి బాకీలు రాబట్టి, ఆ ఖాతాలోంచి బార్ట్రామ్ అడిగిన సరుకులు కొని పంపేవాడు. ఇంత చేసి కమిషన్ తీసుకోలేదు. సొంత బట్టల కొట్టు చూసుకుంటూ, రాత్రి మిగిలిన సమయంలో రాసిన ఉత్తరాలవి.

పేర్ల విషయానికొస్తే, ఆ పద్ధతి ఎలా నడిచిందో ఇక్కడ చాలామందికి తెలియకపోవచ్చు. బార్ట్రామ్ ప్రతి మొక్కకూ రెండు కొమ్మలు ఎండబెట్టి, రెండిటికీ ఒకే నంబరు వేయాలి. ఒకటి తన దగ్గరే ఉంచుకుని రెండోది లండన్ పంపాలి. కాలిన్సన్ వాటిని తెలిసినవాళ్లకు చూపించి, నంబరుకు ఎదురుగా పేరు రాసి జాబితా తిప్పి పంపేవాడు. బార్ట్రామ్ తన దగ్గరున్న కొమ్మ పక్కన ఆ పేరు రాసుకునేవాడు. బడి పెద్దగా చదవని, లాటిన్ అంతంతమాత్రమే వచ్చిన ఒక రైతు అమెరికా మొక్కల్లో అంత నిపుణుడైంది ఇలాగే. దీన్ని పోస్టులో నడిచిన బడి అంటాను నేను. పచ్చి మొక్కను గుర్రం మీద ఎలా తేవాలో కూడా నేర్పాడు: ఎద్దు మూత్రాశయం మెడ కోసి, అందులో వేళ్లూ మట్టీ నీళ్లూ పోసి, మూతి కట్టి జీనుకు వేలాడదీయమన్నాడు. ప్లాస్టిక్ సంచి లేని రోజుల్లో ఎంత చక్కటి ఉపాయం!

బార్ట్రామ్ పరిశీలనలు రాయల్ సొసైటీ పత్రికలో బార్ట్రామ్ పేరుతోనే వచ్చాయి, అందించింది కాలిన్సన్. 1765లో మూడో జార్జ్ రాజు దగ్గర బార్ట్రామ్‌కు రాజ వృక్షశాస్త్రజ్ఞుడి పదవి, ఏడాదికి 50 పౌన్లు ఇప్పించిందీ ఆయనే. ఇంతకంటే ఏం చేయాలి?

విత్తులపెట్టె

నేను న్యూజెర్సీలో ఉంటాను. ఫిలడెల్ఫియాలో బార్ట్రామ్ తోట ఇప్పటికీ ఉంది, ఎవరైనా వెళ్లొచ్చు. ఆగస్టులో వెళ్తే ఫ్రాంక్లీనియా పూలు చూడొచ్చు. తెల్లటి రేకులు, మధ్యలో పసుపు కేసరాలు. 1765లో తండ్రీ కొడుకులు జాన్, విలియం జార్జియాలో అల్టమహా నది దగ్గర ఈ చెట్టును చూశారు. తర్వాత విలియం అక్కణ్ణుంచి విత్తనాలు తెచ్చి నాటాడు. 1803 తర్వాత అడవిలో దాన్ని చూసినవాళ్లు లేరు. ఇవాళ ప్రపంచంలో ఉన్న ఫ్రాంక్లీనియాలన్నీ ఆ తోట సంతతే. మొదటిసారి దాని కింద నిలబడినప్పుడు నాకు నోట మాట రాలేదు.

చర్చలోకి వస్తే, తండ్రి కంటే కొడుకు విషయం చూడండి. 1773 నుంచి విలియం దక్షిణాది అడవుల్లో తిరగడానికి లండన్ డాక్టరు జాన్ ఫాదర్‌గిల్ ఏడాదికి 50 పౌన్లు ఇచ్చారు. విలియం ఎండు కొమ్మలూ బొమ్మలూ పంపుతూనే ఉన్నాడు. అవి లండన్‌లో పడి ఉన్నాయి. సమయానికి ఎవరూ వర్ణించి అచ్చు వేయలేదు. ఆయన పుస్తకం 1791లో వచ్చే నాటికీ, ఆ తర్వాతా, ఆయన మొదట చూసిన మొక్కలు కొన్నిటికి పేరు పెట్టిన ఘనత వేరేవాళ్లకు పోయింది. దీన్ని స్నేహం అని సర్దిచెప్పడం కష్టం.

కొండగోగు

తపాలా బండి గారూ, కమిషన్ తీసుకోలేదన్నది ఒప్పుకుంటాను, నేను రాయాల్సింది. నంబర్ల పద్ధతి కూడా గొప్పదే. కానీ దాన్ని కాస్త తిప్పి చూడండి. కొమ్మ లండన్ వెళ్తుంది, పేరు లండన్ నుంచి వస్తుంది. అడవిలో ఆ మొక్క ఎప్పుడు పూస్తుందో, ఏ నేలలో పెరుగుతుందో తెలిసినవాడికి పేరు పెట్టే హక్కు లేదు. ఆ ఏర్పాటు మొదలైన రోజే ఎవరు గురువో, ఎవరు కూలీయో తేలిపోయింది.

50 పౌన్ల గురించి. 5 గినీలంటే 5 పౌన్ల 5 షిల్లింగులు. అంటే రాజుగారి ఏడాది గౌరవం తొమ్మిదిన్నర పెట్టెల ఖరీదు. అది వచ్చేసరికి బార్ట్రామ్‌కు అరవై ఆరేళ్లు. అంతకు ముందు ఏడాదే అదే ఫిలడెల్ఫియాకు చెందిన విలియం యంగ్ అనే కుర్ర తోటమాలిని రాణి వృక్షశాస్త్రజ్ఞుడిగా వేశారు. ముప్పై ఏళ్లు అడవులు తిరిగినవాడి మనసు ఎలా ఉంటుంది?

ఇంకొకటి. పుస్తకాలు కావాలని బార్ట్రామ్ అడిగితే, పుస్తకాలు చదవడానికి అంతు లేదన్న సొలొమోను మాట గుర్తుపెట్టుకో అన్నాడు కాలిన్సన్. సొంత లైబ్రరీ ఉన్న మనిషి, పుస్తకం దొరకని మనిషికి ఇచ్చే సలహానా ఇది?

నా సంగతి కూడా చెప్పాలి, ఎందుకంటే ఈ కోపం ఎక్కడిదో మీకు తెలియాలి. ఎమ్మెస్సీ రోజుల్లో ఒక పెద్దాయన ప్రాజెక్టు కోసం రెండు సీజన్లు నల్లమలలో మొక్కలు సేకరించాను. ఎండబెట్టిన మొక్కను అతికించి దాచే హెర్బేరియం షీటు మీద సేకరించినవారు అనే గడి ఉంటుంది. అందులో ఆయన పేరే పడింది. నాకు దారి చూపించి, ఆ మొక్క ఎక్కడుందో వేలు పెట్టి చూపించిన చెంచు తాత పేరు ఎక్కడా లేదు. అది నేనూ అడగలేదు, ఆ తప్పు నాదే.

తపాలా బండి

మీ కోపం అర్థమైంది. కానీ సొలొమోను మాటకు బార్ట్రామ్ ఇచ్చిన జవాబు వదిలేయకండి, ఆ ఉత్తరాలన్నిటిలో నాకు ప్రాణమైన వాక్యం అదే. సొలొమోను ఆడవాళ్లను కాస్త తక్కువగా, పుస్తకాలను కాస్త ఎక్కువగా ప్రేమించి ఉంటే ఇంకా తెలివైనవాడూ, సుఖపడ్డవాడూ అయ్యేవాడని రాశాడు. కూలీ ఇలా రాస్తాడా? ఆయనకు పుస్తకాలు చేరాయి కూడా. మిల్లర్ ‘గార్డెనర్స్ డిక్షనరీ’ లండన్ నుంచే వచ్చింది.

విలియం విషయంలో విత్తులపెట్టె గారు చెప్పింది సరైనదే. అక్కడ లండన్ వాళ్లు అన్యాయం చేశారు. కానీ అది 1768 తర్వాతి సంగతి, కాలిన్సన్ అప్పటికే లేడు. ఆయన ఉండి ఉంటే ఆ పెట్టెలు అలా పడి ఉండనిచ్చేవాడు కాదని నా నమ్మకం.

మాగాణి

ఇద్దరి మాటల్లోనూ మగవాళ్ల పేర్లే వినిపిస్తున్నాయి కాబట్టి ఒకటి కలుపుతాను. న్యూయార్క్ వలసలో జేన్ కోల్డెన్ అని ఒకావిడ, తండ్రి దగ్గర లిన్నేయస్ పద్ధతి నేర్చుకుని చుట్టుపక్కల మొక్కలను వర్ణించి, బొమ్మలు వేసింది. మీ పద్ధతిని ఇంత బాగా నేర్చుకున్న మొదటి స్త్రీ బహుశా ఈమేనని కాలిన్సన్ లిన్నేయస్‌కు రాశాడు. లండన్ వ్యాపారి జాన్ ఎలిస్ ఇంకో అడుగు వేసి, ఒక మొక్కకు ఆమె పేరు మీద కోల్డెనెల్లా అని పెట్టమని అడిగాడు. లిన్నేయస్ పెట్టలేదు. అదే ఎలిస్ స్నేహితుడు అలెగ్జాండర్ గార్డెన్ పేరున గార్డీనియా మాత్రం వచ్చింది. సిఫారసు చేసేవాళ్లు ఇద్దరికీ ఉన్నారు, దక్కింది ఒకరికే. ఉత్తరాల్లో మెచ్చుకోలుకూ అచ్చులో పేరుకూ మధ్య ఎంత దూరమో ఇక్కడ తెలుస్తుంది.

సామర్లకోట వాసి

ఈ ఉత్తరాల దారి మన గోదావరి జిల్లా దాకా వచ్చింది, అందుకే రాస్తున్నాను. లిన్నేయస్ శిష్యుడు యోహాన్ కోయినిగ్ 1785లో చనిపోయింది కాకినాడ జగన్నాథపురంలో. చివరి రోజుల్లో ఆయన్ని చూసుకున్నది సామర్లకోటలో ఉన్న స్కాట్లాండ్ డాక్టరు విలియం రాక్స్‌బర్గ్. కోయినిగ్ తన రాతలన్నీ లండన్‌లో జోసెఫ్ బ్యాంక్స్‌కు చెందేలా రాసిపోయాడు. అప్పటికి కాలిన్సన్ స్థానంలో బ్యాంక్స్ ఉన్నాడు, అందరి ఉత్తరాలూ చేరేది ఆయన ఇంటికే.

తర్వాత రాక్స్‌బర్గ్ సామర్లకోట నుంచి బొమ్మలూ వర్ణనలూ లండన్‌కు పంపాడు. వాటిలోంచి బ్యాంక్స్ ఎంచినవి 1795 నుంచి 1820 దాకా మూడు సంపుటాలుగా, 300 బొమ్మలతో కోరమాండల్ తీరపు మొక్కల పుస్తకంగా వచ్చాయి. అందులో మొక్కల తెలుగు పేర్లు రాశారు. జ్వరానికి బెరడు వాడే సోమిద చెట్టు ప్రజాతి పేరు సోయ్‌మిడా అయిందంటే ఆ తెలుగు మాట నుంచే. కానీ ఆ బొమ్మలు వేసిన ఇక్కడి చిత్రకారుల పేర్లు అచ్చైన బొమ్మల మీద లేవు. మొక్క పేరు చెప్పిన మనిషి పేరు అసలే లేదు.

బార్ట్రామ్‌కు అన్యాయం జరిగిందని మీరు వాదించగలుగుతున్నారంటే, ఆయన ఉత్తరాలు మిగిలాయి కాబట్టి. 1849లో ఫిలడెల్ఫియాలో వాటిని అచ్చు వేశారు. టోపీ గురించి ఆయన ఏమన్నాడో మనకు తెలుసు. సామర్లకోట చిత్రకారుడు రోజుకు ఎంత కూలి తీసుకున్నాడో, ఆ పువ్వు వేస్తూ ఏమనుకున్నాడో చెప్పే ఉత్తరం ఒక్కటీ లేదు. నాకు కొండగోగు గారి నల్లమల తాతే గుర్తొస్తున్నాడు.

తపాలా బండి

సామర్లకోట వాసి గారూ, మీరు చెప్పినదానికి నా దగ్గర ఎదురు వాదన లేదు. బార్ట్రామ్ 1743లో అమెరికా ఆదివాసుల ఊరు ఒనొండాగా వెళ్లినప్పుడు దారిలో వెంట ఉన్నది షికెల్లమీ అనే ఒనైడా తెగ నాయకుడు. ఆయన వైపు నుంచి కూడా మనకు ఉత్తరం లేదు.

కొండగోగు గారిని ఒకటే అడుగుతాను. కాలిన్సన్ ఏం చేసి ఉంటే మీరు న్యాయం అనేవారు?

కొండగోగు

పెద్ద కోరికేం కాదండీ. ఏ మొక్క ఎవరు పంపారో, ప్రతి మొక్క పక్కనా ఆ మనిషి పేరు రాస్తే చాలు.

తపాలా బండి

రాశాడు. మిల్ హిల్‌లోని తన తోటలో పెంచిన మొక్కల గురించి తన సొంత మిల్లర్ డిక్షనరీలోనూ, వేరే కాగితాల్లోనూ చేతిరాతతో నోట్సు పెట్టుకున్నాడు: ఫలానా ఏడాది నా స్నేహితుడు జాన్ బార్ట్రామ్ పంపింది, ఫలానా అప్పుడు మొదటిసారి పూసింది, ఇలా. డిల్విన్ అనే ఆయన వాటన్నిటినీ కూర్చి జాబితాగా అచ్చు వేశాడు.

కొండగోగు

ఆ జాబితా చూశాను. 1843లో వచ్చింది, కాలిన్సన్ పోయిన 75 ఏళ్లకు. కాలిన్సన్ బార్ట్రామ్ పేరు రాసిన మాట నిజమే, ఒప్పుకుంటున్నాను. రాసింది తన ఇంట్లో, తన పుస్తకం అంచున. బార్ట్రామ్ బతికుండగా ఆ అంచు చూసే అవకాశం ఆయనకు లేదు.