ఇంటెల్ ఐ5-3470 ప్రాసెసర్‌కి ఫ్యాన్ లేని హీట్‌సింక్ పెడితే వీఆర్ఎం (ప్రాసెసర్‌కు వోల్టేజీ సర్దే భాగం) వేడి ఎలా తగ్గించాలి?

హెచ్61 మదర్‌బోర్డు, టవర్ క్యాబినెట్. 77 వాట్ల ప్రాసెసర్ మీద నాక్టువా ఎన్‌హెచ్-పీ1 అనే ఫ్యాన్ లేని హీట్‌సింక్ బిగించాలి. దాని 158 మి.మీ. ఎత్తుకు చోటుంది. విండోస్‌లో మాగ్జిమమ్ ప్రాసెసర్ స్టేట్ 80 శాతానికి దించితే టర్బో (ప్రాసెసర్ తనంతట వేగం పెంచుకోవడం) ఆగుతుంది కాబట్టి ప్రాసెసర్ గురించి భయం లేదు. బయోస్‌లో సీపీయూ ఫ్యాన్ ఎర్రర్ రాకుండా ఇగ్నోర్ పెట్టొచ్చు.

అసలు చిక్కు సాకెట్ పక్కనున్న మాస్‌ఫెట్లతో (వీఆర్ఎంలో వేడెక్కే చిప్పులు). వాటికి హీట్‌సింకులు లేవు. పాత ఫ్యాన్ కిందికి ఊదే గాలే వాటినీ చల్లబరిచేది. వేసవిలో గదే 40 డిగ్రీలుంటుంది, పక్కనున్న కెపాసిటర్లు ఉబ్బుతాయేమో!

థర్మల్ టేపుతో చిన్న అల్యూమినియం హీట్‌సింకులు అంటిస్తే సరిపోతుందా? నిలువు బోర్డు మీద వేడికి టేపు ఊడి, గ్రాఫిక్స్ కార్డు మీద పడితే షార్టే. లేక వెనక 120 మి.మీ. ఫ్యాన్ 500 ఆర్‌పీఎంలో తిప్పడమే మేలా? ఇంకోటి, ఎన్‌హెచ్-పీ1 1.18 కిలోల బరువుకు బోర్డు వంగదు కదా? ఇలా వాడుతున్నవాళ్లు వీఆర్ఎం దగ్గర కొలిచిన ఉష్ణోగ్రత చెప్పగలరా?