‘వేలివొలుమ్’: ఎగిరేది ఓడా, సముద్రమా?

రోమన్ కవి వర్జిల్ లాటిన్‌లో రాసిన ఈనియడ్ కావ్యం మొదటి కాండ, 224వ పంక్తి. తుపానులో చెల్లాచెదురైన ట్రాయ్ వాళ్లు ఆఫ్రికా ఒడ్డున ఆకలి తీర్చుకుని, జాడ తెలియని తోటివాళ్ల కోసం బాధపడుతుంటారు. అప్పుడు దేవతల రాజు జూపిటర్ ఆకాశం కొసన నిలిచి కిందికి చూస్తాడు: ‘డెస్పికియెన్స్ మరె వేలివొలుమ్ టెర్రాస్క్వె యకెంటిస్’. ఇందులో డెస్పికియెన్స్ అంటే కిందికి చూస్తూ, టెర్రాస్ అంటే నేలలు, మరె అంటే సముద్రం. దాని విశేషణమే వేలివొలుమ్.

వేలుమ్ అంటే తెరచాప, వొలారె అంటే ఎగరడం. రెంటి మధ్య ‘ఇ’ అతుకు అచ్చు. చివరి ‘ఉమ్’ నపుంసకలింగ ద్వితీయా ఏకవచనం, ఎందుకంటే మరె నపుంసకం, చూడడానికి కర్మ. సంస్కృతంలో ‘ఫలమ్’లాగే ఇక్కడా ప్రథమకూ ద్వితీయకూ రూపం ఒకటే.

సమాసం ఏమిటన్నది అసలు చర్చ. చాలామంది వెంటనే బహువ్రీహి అనేస్తారు. నేను ఒప్పుకోను. ఉత్తరపదం ధాతువు నుంచి పుట్టింది కాబట్టి ఇది మన ‘పాదప’ లాంటి ఉపపద సమాసం. పాదాలతో తాగేది చెట్టు, తెరచాపలతో ఎగిరేది ఓడ. వర్జిల్ కంటే ముందే ఎన్నియస్ అనే రోమన్ కవి ఈ మాటను ఓడలకే వాడాడు. అక్కడ ఏ పేచీ లేదు.

పేచీ సముద్రం దగ్గరే. సముద్రం ఎగరదు కదా! నాలుగో శతాబ్దం చివరి వ్యాఖ్యాత సెర్వియస్ ఈ పదానికి రెండు అర్థాలు చెప్పాడు: తెరచాపలతో ఎగిరేది, తెరచాపలతో ఎగరడం జరిగే చోటు. రెండోదానికి ఆయన వాడిన క్రియారూపం ‘వొలాటుర్’, అచ్చంగా మన సంస్కృత వ్యాకరణంలోని భావే ప్రయోగం, అంటే కర్తను చెప్పకుండా పని జరగడాన్నే చెప్పే రూపం. వర్జిల్ పంక్తికి ఈ రెండో అర్థమే చెప్పి, ఎన్నియస్ వాడుకే ముఖ్యార్థమన్నాడు.

తెలుగువాళ్లకు ఇది కొరుకుడుపడనిదేమీ కాదు. ‘ఎగిరే పక్షి’ అంటాం, ‘పక్షులు ఎగిరే ఆకాశం’ అనీ అంటాం. ‘ఎగిరే’ అన్న ఒక్క రూపమే ఒకచోట కర్తకూ ఇంకోచోట అధికరణానికీ, అంటే పని జరిగే చోటుకీ, విశేషణమవుతోంది. లాటిన్‌లో అలాంటి స్వేచ్ఛ అరుదు. సమాసాలు కట్టడం గ్రీకులకు నప్పినట్టు తమకు నప్పదని రోమన్ అలంకారికుడు క్వింటిలియన్ రాశాడు. అందుకే ఇలాంటి పదం రోమన్ చెవికి పూర్తిగా కవిత్వపు మాట.

ఛందస్సు సంగతీ చూడాలి. ‘వేలివొ’ గురువు, రెండు లఘువులు: మన భగణం, వాళ్ల డాక్టిల్. తర్వాతి ‘లుమ్ టెర్’ రెండూ గురువులే. సముద్రం దగ్గర పరుగెత్తిన పాదం నేల దగ్గరికి రాగానే బరువెక్కుతుంది. ‘యకెంటిస్’ అంటే పడుకుని ఉన్నవి. ఒకవైపు తెరచాపలు ఎగిరే నీళ్లు, మరోవైపు కదలని నేలలు.

అందుకే ‘ఓడలతో నిండిన సముద్రం’ అన్న అనువాదం నాకు చాలదు. అందులో ఎగరడమే పోయింది. ‘తెరచాపలెగిరే కడలిని, పడి ఉన్న నేలలను’ అంటాను. ఇంతకన్నా క్లుప్తంగా, ఎగరడం పోకుండా, ఎవరైనా చెప్పగలిగితే రాయండి.