చాక్ పెయింట్ వేసిన అల్మారా మీద మైనం జిగురుగానే ఉంటోంది: ఎక్కడ పొరపాటు జరిగింది?

జేజి_అల్మారా (అనంతపురం):

మా జేజి కాలం నాటి టేకు అల్మారా ఒకటి మా ఇంటి పడమటి గదిలో ఉంది. పాలిష్ చాలాచోట్ల పోయింది. ఎప్పుడో విరిగిన ఒక తలుపుకు బదులుగా వేరే చెక్కతో చేసిన తలుపు బిగించి ఉండడం వల్ల, ఎంత మంచి పాలిష్ వేయించినా రెండు తలుపులూ ఒక రంగులోకి రావని వడ్రంగి ముందే చెప్పాడు. అందుకని, ఇంట్లో మిగిలిన లేత రంగు ఎమల్షన్‌లో చాక్ పౌడరు కలిపి రెండు పూతలు వేశాను. ఆరిన తరువాత అంచులను ఉప్పు కాగితంతో అరగదీసి, గీతలు పడిన చోట పాతదనం కనిపించాలని ముదురు గోధుమ రంగు మైనం రుద్ది, ఆపైన తెల్ల మైనం దట్టంగా పూశాను.

పది రోజులు గడిచినా పైభాగం జిగురు వదలలేదు. మధ్యాహ్నం వేళ చేయి ఆనితే వేలిముద్ర పడుతోంది, వీధి దుమ్మంతా దానికే అంటుకుంటోంది. ముదురు మైనం చెక్క మీద కాకుండా రంగులోకి ఇంకి, నల్లని మరకలుగా మిగిలింది. ఇవి చాలవన్నట్లు, సొరుగుల ముందుభాగంలో లోపలి నుంచి పసుపు, గోధుమ రంగు చారలు పైకి వస్తున్నాయి. మొత్తం గీకివేసి మొదటి నుంచి మొదలుపెట్టక తప్పదా?

రంగుల_కుంచె (కడప):

మొత్తం గీకనవసరం లేదు. మీరు చెప్పిన మూడు ఇబ్బందులకూ మూడు వేర్వేరు కారణాలు ఉన్నాయి కాబట్టి ముందుగా జిగురు సంగతి చూద్దాం. కనబడని మూలలో గోటితో మెల్లగా గీసి చూడండి. గోటి కింద మైనం తెల్లగా చుట్టుకుని వస్తే మీరు పూసింది ఎక్కువైందని అర్థం. ఈ మైనాన్ని ఓళిగ మీద నెయ్యి వేసినట్లు కాదు, పెనానికి నూనె తుడిచినట్లు పూయాలి. అంటే, గుడ్డతో రుద్దిన కొద్ది నిమిషాలకే మరో పొడి గుడ్డతో అదనంగా ఉన్నదంతా తుడిచివేయాలి. రంగు పీల్చుకున్నంత మేరకే మైనం పనికి వస్తుంది, పైన మిగిలినది దుమ్ము పట్టడానికి తప్ప మరెందుకూ కొరగాదు.

దానికి తోడు మన ఎండలు. తేనెమైనం 62 నుంచి 64 డిగ్రీల దగ్గర కరుగుతుంది కానీ, మెత్తబడడం అంతకు చాలా ముందే మొదలవుతుంది. బయట 40 దాటిన రోజున పడమటి గోడకు ఆనించిన చెక్క ఎంత వేడెక్కుతుందో మీకు తెలియనిది కాదు. కార్నౌబా (ఒక తాటిజాతి చెట్టు ఆకుల నుంచి తీసే గట్టి మైనం) కలిసిన రకం 80 డిగ్రీలు దాటితే గాని కరగదు గనుక మన ప్రాంతానికి అది మేలు. ఏ రకమైనా పైకి ఒక రోజులో ఆరినట్లు కనిపించినా, పూర్తిగా గట్టిపడడానికి మూడు నాలుగు వారాలు పడుతుంది.

ఇప్పుడు చేయవలసినది ఇది: అల్మారాను గోడ నుంచి జరిపి, ఉదయం చల్లని వేళలో, పాత పంచె ముక్కను మినరల్ టర్పెంటైన్‌లో తడిపి బాగా పిండి, ఒక్కో పలకను తేలికగా తుడవండి. గుడ్డ మురికి కాగానే మడత మార్చండి, లేకపోతే తీసిన మైనాన్నే మళ్లీ పూసినట్లవుతుంది. రాత్రంతా ఆరనిచ్చి మరునాడు పొడి నూలు గుడ్డతో రుద్దితే జిగురు పోయి సన్నని మెరుపు మిగులుతుంది. కిటికీలు తెరిచి ఉంచండి, ఆ గదిలో దీపం గాని అగరువత్తి గాని వెలిగించకండి. తుడిచిన గుడ్డలను ఉండ చుట్టి మూలన పడేయకుండా ఆరుబయట పరిచి ఆరబెట్టండి. అవిసె నూనె కలిసిన పాలిష్ అంటుకున్న గుడ్డలైతే వాటంతట అవే వేడెక్కి నిప్పు అంటుకునే ప్రమాదం కూడా ఉంది.

ముదురు మైనం విషయంలో వరుస తప్పింది. ముందు తెల్ల మైనం పలుచగా పూయాలి, దాని మీదే అరగదీయాలి (అప్పుడు పొడి ఇల్లంతా ఎగరకుండా మైనానికే అంటుకుంటుంది), బయటపడిన చెక్కకు మళ్లీ పలుచగా తెల్ల మైనం పట్టించాలి, ఆఖరున ముదురుది. కింద తెల్ల మైనం ఉన్నచోట ముదురుది ఎక్కువైతే మరికొంచెం తెల్ల మైనంతో రుద్దగానే వచ్చేస్తుంది. ఉత్త రంగులోకి ఇంకినది మాత్రం రాదు, ఆ చోట్ల మళ్లీ రంగు వేయవలసిందే.

ఉలి_సుత్తి (కర్నూలు):

గోధుమ రంగు చారల గురించి నేను చెబుతాను, ఎందుకంటే ఇది రంగు పని కాదు, చెక్క పని. టేకులోని సహజమైన రంగు పదార్థాలూ పాత పాలిష్‌లోని రంగూ, ఎమల్షన్ లాంటి నీటితో కలిపే రంగు తగలగానే కరిగి పైకి వస్తాయి. దాని మీద మూడో పూత వేసినా నాలుగో పూత వేసినా మళ్లీ వస్తూనే ఉంటాయి. సొరుగుల మీది మైనాన్ని టర్పెంటైన్‌తో పూర్తిగా తీసి, ఆరిన తరువాత, లక్కను స్పిరిట్‌లో కరిగించి చేసే పాలిష్‌ను రెండు పలుచని పూతలుగా వేయండి, ఆ పొర చారలను పైకి రాకుండా ఆపుతుంది, రంగు దాని మీద వేయాలి. లక్కలో దానిదైన మైనం కొంత ఉంటుంది కాబట్టి, ఆ మైనం తీసిన రకం దొరికితే పైన వేసే రంగు బాగా పట్టుకుంటుంది.

ఇక అరగదీయడం. 220 నంబరు ఉప్పు కాగితం చాలు, యంత్రం పెట్టకండి. ఎక్కడ అరగదీయాలో తెలియకపోతే మీ ఇంటి పాత వాకిలి ముందు ఒక నిమిషం నిలబడి చూడండి. గడియ చుట్టూ చేయి తగిలే మేర, తలుపు కొట్టుకునే అంచు, చీపురూ తడిగుడ్డా రోజూ తగిలే అడుగుభాగం అరిగి ఉంటాయి, పలక నడుమ మాత్రం చెక్కు చెదరకుండా ఉంటుంది. చాలామంది పలక నడుమ గీకుతారు, అందుకే అది పాతదిగా కాక పాడైనట్లు కనిపిస్తుంది. మళ్లీ రంగు వేసే ముందు అరగవలసిన అంచుల మీద కొవ్వొత్తి గీసి ఉంచితే, అక్కడ రంగు పట్టుకోక, కొద్దిగా రుద్దగానే ఊడి వస్తుంది.

ఒక హెచ్చరిక: చెక్క మీద ఎప్పటిదో పాత ఎనామిల్ రంగు కూడా ఉంటే పొడిగా గీకవద్దు. మన దేశంలో ఇంటి రంగుల్లో సీసం 90 పీపీఎం (అంటే పది లక్షల పాళ్లలో 90) మించకూడదన్న నిబంధన 2017 నవంబరులోనే అమలులోకి వచ్చింది. అంతకు ముందరి రంగును తడి చేసి రుద్దడం, పిల్లలను దూరంగా ఉంచడం మంచిది.

మంచి టేకును రంగుతో కప్పడం నా మనసుకు నచ్చని పనే. అయితే మీ తలుపులు జత కుదరనివి కాబట్టి ఈసారికి ఒప్పుకుంటున్నాను.

కొత్తచేయి (ప్రొద్దుటూరు):

నేనూ మొదలుపెట్టబోతున్నాను. చాక్ పౌడరుకు బదులు మా దగ్గర సులువుగా దొరికే ముగ్గురాయి పొడి కలపవచ్చునా? అలాగే, అల్మారా పైపలక మీద నీళ్ల చెంబు పెట్టుకోవచ్చునా?

రంగుల_కుంచె (కడప):

ముగ్గురాయి అంటే బెరైటీస్. మన మంగంపేటలో తవ్వేది అదే, రంగుల పరిశ్రమ కూడా దాన్ని వాడుతుంది. కానీ సుద్దతో పోలిస్తే అది ఒకటిన్నర రెట్లకు పైగా బరువు కాబట్టి, ఇంట్లో చేత్తో కలిపిన రంగులో డబ్బా అడుగుకు దిగిపోతుంది. సుద్దపొడే మెత్తగా జల్లించి, ముందు కొంచెం నీటిలో ఉండలు లేకుండా కలిపి, ఆ తరువాత రంగులో పోయండి. చాక్ పెయింట్ పేరుతో ఇంగ్లండ్‌లో అనీ స్లోన్ 1990లో తెచ్చిన రంగు వేరు, మనం ఇంట్లో కలుపుకునేది వేరు. ఆమె రంగుకు రాసిన సూచనలన్నీ మన మిశ్రమానికి అక్షరాలా వర్తించవు.

చెంబు సంగతికి వస్తే, మైనం మీద నీటి వలయం పడుతుంది, వేడి గిన్నె పెడితే అచ్చు దిగుతుంది. అలా వాడే పలకకు మైనం వద్దు, నీటితో పలుచన చేసే పారదర్శక వార్నిష్ వేయండి. మైనం పూసిన తరువాత మాత్రం దాని మీద వార్నిష్ నిలవదు కాబట్టి ఈ నిర్ణయం ముందే చేసుకోవాలి.

జేజి_అల్మారా (అనంతపురం):

ఇద్దరికీ కృతజ్ఞతలు. ఈ ఉదయం ఒక పక్క పలకను టర్పెంటైన్‌తో తుడిచాను. గుడ్డకు వచ్చిన మైనం చూస్తే సగం డబ్బా అక్కడే పూశానేమో అనిపించింది. రేపు సొరుగులకు లక్క పాలిష్ వేస్తాను. లోపలి అరల్లో ధర్మవరం చీరలు పెట్టుకోవాలి, అక్కడ కూడా మైనం పూయవచ్చునా?

ఉలి_సుత్తి (కర్నూలు):

లోపల రంగూ వద్దు, మైనమూ వద్దు. ఉత్త చెక్కగానే వదిలి, పొడి గుడ్డతో తుడిచి, ఉతికిన నూలు బట్ట పరచండి. బయటి మైనం వాసన పూర్తిగా పోయేదాకా, అంటే కనీసం నెల రోజులు, తలుపులు తెరిచి ఉంచి ఆ తరువాతే చీరలు సర్దండి.