కదిరి ప్రాంతంలో 2 ఎకరాల 60 సెంట్ల పిత్రార్జితం: అమ్మాలా, గుత్తకివ్వాలా, చెట్లు నాటాలా?

ప్రశ్న: బెంగళూరులో ఉంటున్న కదిరివాసి

శ్రీ సత్యసాయి జిల్లాలో, కదిరికి దగ్గరలోని మా ఊళ్లో మా నాయన పేరిట 2 ఎకరాల 60 సెంట్ల మెట్ట భూమి ఉంది. ఆయన నిరుడు కాలం చేశారు. వీలునామా ఏదీ రాయలేదు. అమ్మ, అక్క, నేను, చెల్లెలు, మొత్తం నలుగురం వారసులం. అమ్మ ఊళ్లోనే ఉంటుంది. అక్క మదనపల్లెలో, చెల్లెలు హైదరాబాదులో స్థిరపడ్డారు. నేను బెంగళూరులో ఉద్యోగం చేస్తున్నాను కాబట్టి అప్పుడప్పుడు ఊరికి వెళ్లి రాగలను గానీ, దగ్గరుండి సేద్యం చేయించడం నాకు కుదరదు.

నేల ఎర్రది. పైన జానెడు మట్టి, దాని కింద గరుసు. బోరు ఎండిపోయి చాలా కాలమైంది. నాయన ఏటా ముంగారు వానకు వేరుశనగ వేసి, నడుమ నడుమ కంది, అనప సాళ్లు పోసేవారు. తూర్పు గట్టున ఒక పెద్ద చింతచెట్టు ఉంది. కంచె లేదు.

ఇప్పుడు తలా ఒక మాట చెబుతున్నారు. పక్క పొలం ఆయన కొనడానికి సిద్ధంగా ఉన్నారు. బంధువు ఒకరు గుత్తకు అడుగుతున్నారు గానీ, కాగితం రాసుకుందామంటే మాట దాటవేస్తున్నారు. శ్రీగంధం మొక్కలు తామే నాటి పెంచి ఇస్తామని ఒక ఏజెంటు వచ్చారు. ఎన్‌పీ కుంట సోలార్ పార్కు ఈ ప్రాంతంలోనే ఉంది కనుక ఎప్పటికైనా సోలార్ కంపెనీ లీజుకు తీసుకుంటుందని మరొకరు చెప్పారు. అమ్మడానికి అమ్మ మనసు ఒప్పడం లేదు. అక్క, చెల్లెలు నన్నే తేల్చమంటున్నారు, కానీ వాళ్ల భాగం గురించి నేనొక్కడినే నిర్ణయించడం నాకు సరిగా అనిపించడం లేదు. మాకు డబ్బు అత్యవసరం లేదు. అయితే ఏటేటా చేతి డబ్బు పెట్టి పొలాన్ని సాకే స్తోమత కూడా లేదు. ఇటువంటి భూమిని ఏం చేస్తే మంచిదో, ఆ నేలల సంగతి తెలిసినవారు చెప్పగలరని కోరుతున్నాను.

జవాబు: రెవెన్యూ శాఖలో పనిచేసి విరమణ పొందిన పాఠకుడు

ఏ పంట, ఏ చెట్టు అన్న ఆలోచనకు ముందు ఆ భూమి కాగితాల మీద ఎలా ఉందో చూడండి. 1బి (భూ యజమానుల వివరాలు), అడంగల్ (సాగు వివరాలు) చూసి సరిపెట్టుకోవద్దు. తహసీల్దారు కార్యాలయంలో పాత ఆర్‌ఎస్‌ఆర్ (రీసెటిల్‌మెంట్ రిజిస్టరు) నకలు తీయించండి. రాయలసీమలో చాలా సర్వే నంబర్లకు ఆ రిజిస్టరులో పట్టాదారు పేరు ఉండవలసిన గడిలో వట్టి చుక్కలు ఉంటాయి. వాటినే చుక్కల భూములు అంటారు. తరాలుగా సాగు చేస్తున్నవారికి కూడా ఆ చుక్కల వల్ల రిజిస్ట్రేషను ఆగిపోయిన సందర్భాలు ఎన్నో ఉన్నాయి, అందుకే 2017లో ప్రత్యేకంగా చట్టం చేయవలసి వచ్చింది. మీ నంబరు 22ఎ నిషేధిత జాబితాలో (రిజిస్ట్రేషను చేయకూడని భూముల జాబితా) ఉందేమో, మీ తాతగారి కాలంలో ప్రభుత్వం ఇచ్చిన డి-పట్టా ఏమో కూడా తేల్చుకోండి. అలా ప్రభుత్వం ఇచ్చిన అసైన్డ్ భూమి అయితే అమ్మకాలకు అడ్డుపడే 1977 నాటి చట్టం వర్తిస్తుంది, అప్పుడు పక్క పొలం ఆయనతో బేరం మాటే వేరుగా ఉంటుంది.

మీ ఊళ్లో రీసర్వే జరిగి ఉంటే పాత సర్వే నంబరుకు బదులు ఎల్‌పీ (ల్యాండ్ పార్సిల్) నంబరు వచ్చి ఉంటుంది. అందులో విస్తీర్ణం తగ్గిందా, పొరుగువారితో కలిపి ఉమ్మడి ఎల్‌పీఎం (ల్యాండ్ పార్సిల్ మ్యాప్) ఇచ్చారా అన్నది తప్పకుండా చూడండి. సరిచేయించుకోవడానికి అర్జీ పెట్టాలంటే, హద్దులు తెలిసిన మీ అమ్మగారు ఆరోగ్యంగా ఉన్నప్పుడే పెట్టడం మేలు. హద్దురాయి ఎక్కడ ఉండేదో, బండ్లదారి ఎటు పోయేదో చెప్పగలిగిన సాక్షి ఇప్పుడు మీ కుటుంబంలో ఆవిడ ఒక్కరే.

తర్వాత వాటాల సంగతి. ఆస్తి మీ నాయన సొంతమై, వీలునామా లేకపోతే, హిందూ వారసత్వ చట్టం ప్రకారం భార్యకు, కొడుక్కు, కుమార్తెలకు సమాన భాగాలు వస్తాయి. పిత్రార్జితపు ఉమ్మడి ఆస్తి అయితే లెక్క కొంత మారుతుంది గానీ, 2005 సవరణ తర్వాత అందులోనూ కొడుకుకు, కూతురికి తేడా లేదు. పెళ్లయి వెళ్లిపోయినంత మాత్రాన ఆడబిడ్డ హక్కు పోదు. సమంగా పంచుకుంటే మనిషికి 65 సెంట్లు వస్తుంది. కంచె లేని మెట్ట నేలలో 65 సెంట్ల ముక్కతో ఎవరూ ఏమీ చేయలేరు. నలుగురూ ఒక మాట మీద ఉంటే భూమిని ముక్కలు చేయకుండా, మరణ ధ్రువపత్రం, ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్‌లతో గ్రామ సచివాలయంలో మ్యుటేషనుకు (రికార్డులో పేరు మార్పుకు) దరఖాస్తు చేసి, మీరు ముగ్గురూ హక్కు విడుదల దస్తావేజు రిజిస్టరు చేసి అమ్మగారి పేరిట ఉంచవచ్చు.

ఇందులో ఇంకొక ప్రయోజనం ఉంది. పీఎం కిసాన్‌కు 2019 ఫిబ్రవరి 1 నాటి భూ రికార్డులే ఆధారం. ఆ తేదీ తర్వాత భూమి కొన్నవారికి రాదు గానీ, వారసత్వంగా పొందినవారికి మినహాయింపు ఉంది. మీరు ఆదాయపు పన్ను కట్టేవారైతే మీ పేరిట ఉన్న భూమికి ఆ సాయం రాదు. ఆ పథకంలో కుటుంబమంటే భార్య, భర్త, మైనర్ పిల్లలు మాత్రమే కనుక, మీ ఉద్యోగం మీ అమ్మగారికి అడ్డు కాదు. ఏడాదికి 6,000 రూపాయలు పెద్ద మొత్తం కాకపోయినా, సొంత ఆదాయమంటూ లేని పెద్దావిడ ఖాతాలో ఆమె పేరు మీదనే పడే డబ్బుకు ఉన్న విలువ వేరు.

జవాబు: తలుపుల మండల రైతు

పెద్దాయన చెప్పిన కాగితాల పని ముందు పూర్తి చేయండి. నేను నేల గురించి చెబుతాను.

ఈ ప్రాంతంలో వేరుశనగ వేయడం తేలిక, దక్కించుకోవడం కష్టం. ఉమ్మడి అనంతపురం జిల్లాలో సాలుకు సగటు వాన 550 మిల్లీమీటర్లకు అటూ ఇటూగా ఉంటుంది, అదీ సమంగా కురవదు. జూన్, జూలైలో పదునయి విత్తనం వేస్తాము, చేను పచ్చగా లేస్తుంది, పూత కూడా నిండుగా వస్తుంది. సరిగ్గా ఊడలు (పూత నుంచి నేలలోకి దిగి కాయయ్యే కాడలు) దిగే ఆగస్టులో వాన ముఖం చాటేస్తుంది. అప్పుడు ఒక చెట్టు పీకి చూస్తే ఊడలు వేలాడుతూ ఉంటాయి. పైమట్టి అట్టకట్టి గట్టిపడటంతో వాటి మొనలు నేలలోకి దిగలేక ఎండి నల్లబడి ఉంటాయి. పైనుంచి చూసేవారికి చేను బాగానే ఉన్నట్టు కనబడుతుంది, కింద కాయ ఉండదు. మీ నాయన కంది, అనప సాళ్లు పోసింది అందుకే, అది పోయినా ఇవి దక్కుతాయని. విత్తనం, దున్నకం, కూలీ, కోత అన్నీ అప్పుతో చేయించి బెంగళూరులో కూర్చుంటే మీకు మిగిలేది ఉండదు.

చీనీ (బత్తాయి) తోట గురించి ఎవరైనా చెబితే ఒప్పుకోకండి. నీళ్లు లేక ఎండిన చీనీ చెట్లను నరికి వంటచెరకుగా అమ్ముకున్న కుటుంబాలు మన జిల్లాలో ఊరూరా ఉన్నాయి. మల్బరీకి కూడా నీరు కావాలి, పైగా పట్టుపురుగుకు వేళ తప్పకుండా ఆకు వేసే మనిషి కావాలి. శ్రీగంధం తన కాళ్ల మీద తాను బతికే చెట్టు కాదు, కందివంటి మరో మొక్క వేళ్ల నుంచి ఆహారం తీసుకుంటుంది. చేవ రావడానికి పదిహేనేళ్లకు తక్కువ పట్టదు, తీరా వచ్చాక దొంగల భయం. కాపలా లేని పొలంలో దానిని నాటమని చెప్పేవారు మొక్కల అమ్మకం కోసమే చెబుతున్నారని నా నమ్మకం. సోలార్ కోసం ఎదురుచూడవద్దు. ఒక మెగావాటుకు నాలుగైదు ఎకరాలు కావాలి కాబట్టి మీ ముక్క ఒక్కటే వాళ్లకు సరిపోదు.

మీ గట్టున ఉన్న చింతచెట్టును చూడండి. బోరు ఎండినా అది బతికే ఉంది కదా. నా సలహా ఏమంటే, పొలమంతా కాకుండా ఒక ఎకరంలో పది మీటర్ల దూరాన 40 చింత అంట్లు నాటండి. పీకేఎం-1 వంటి రకంలో అంటుమొక్క అయిదో ఏటికల్లా కాపు మొదలుపెడుతుంది. కాయ ఫిబ్రవరి, మార్చిలో వస్తుంది, కూలీల కొరత అంతగా ఉండని కాలమది. పండులాగా రెండు రోజుల్లో పాడయ్యే సరుకు కాదు కాబట్టి ధర లేకపోతే నిలవ ఉంచుకోవచ్చు. హిందూపురం చింతపండు మార్కెట్ మనకు అందుబాటులోనే ఉంది. కోయించే ఓపిక లేకపోతే చెట్టు మీదనే కాయను గుత్తకు తీసుకునే వ్యాపారులు ఊళ్లకే వస్తారు.

అయితే లేత చింతను మేకలు బతకనివ్వవు. కంచె వేయలేకపోతే దారి వైపు అంచుల్లో సీతాఫలం వేయండి, దాని ఆకును మేకలు ముట్టవు. కాపలాకు దగ్గరగా ఉన్న లోపలి భాగంలో చింత వేయండి. మేలో గుంతలు తవ్వించి ఎండనిచ్చి, తొలకరి తర్వాత నాటాలి. వాలుకు అడ్డంగా కందకాలు తీయిస్తే కురిసిన వాన పొలంలోనే ఇంకుతుంది. మొదటి రెండు వేసవులు మాత్రం ట్యాంకరుతోనో బిందెలతోనో నీళ్లు పోయించక తప్పదు. ఆ ఖర్చు భరించగలరా లేదా అన్నది ముందే లెక్క వేసుకోండి, భరించలేమనుకుంటే 40కి బదులు 15 మొక్కలే నాటండి. మొక్కలు ఎదిగేదాకా నడుమ స్థలంలో కంది, కొర్ర వేసుకోవచ్చు. ముంగారు తప్పితే ఆగస్టు, సెప్టెంబరులో ఉలవ చల్లవచ్చు.

ప్రశ్న అడిగినవారు

ఇద్దరికీ కృతజ్ఞతలు. మీ జవాబులు అక్కకు, చెల్లెలికి పంపాను. అమ్మ పేరిట ఉంచడానికి ఇద్దరూ ఇష్టపడ్డారు. చెట్లు పోగా మిగిలిన ఎకరా 60 సెంట్లను గుత్తకు ఇస్తే, కాగితం లేకుండా ఇవ్వడం వల్ల నిజంగా ప్రమాదం ఉందా? బంధువును నొప్పించడం అమ్మకు ఇష్టం లేదు.

జవాబు: అమ్మ భూమి వ్యవహారం చూసుకుంటున్న ధర్మవరం మహిళ

కాగితం అడగడం బంధువును అనుమానించడం కాదు, అది ఆయనకే ఎక్కువ ఉపయోగం. 2019 నాటి పంట సాగుదారుల హక్కుల చట్టం ప్రకారం 11 నెలలకు ఒప్పందం రాసుకుంటే సాగు చేసేవారికి కార్డు వస్తుంది. దానితో పంట రుణం, బీమా, పంట నష్టపోతే పరిహారం ఆయన పేరున అడగవచ్చు. భూమి మీద మాత్రం ఆ కార్డు వల్ల ఏ హక్కూ రాదు, ఆ మాట చట్టంలోనే ఉంది. ఇది ఆయనకు అమ్మగారి నోట చెప్పించండి. మన జిల్లాలో పంట పోయిన ఏడు పరిహారం భూమి యజమాని ఖాతాలో పడి, విత్తనం అప్పు సాగు చేసినవారి మెడకు చుట్టుకోవడం నేను చాలా ఇళ్లలో చూశాను. అది అన్యాయం.

గుత్త కన్నా కోరుకు, అంటే పంటలో భాగానికి, ఇవ్వమని నేను చెబుతాను. మెట్ట నేలలో వాన తప్పిన ఏడు కూడా నిలకడ గుత్త వసూలు చేయడం నాకు న్యాయంగా తోచదు. పంటలో భాగమైతే కష్టం, సుఖం ఇద్దరివీ అవుతాయి, అమ్మగారికి ఇంట్లోకి కందులు, కొర్రలు కూడా వస్తాయి. చింతమొక్కలకు వేసవిలో నీళ్లు పోసే బాధ్యత ఆయనదేనని, అందుకు ప్రతిఫలంగా పాత చింతచెట్టు కాపులో సగం ఆయనదని ఒప్పందంలోనే రాయండి. మీకు నీళ్ల మనిషి దొరుకుతాడు, ఆయనకు మొక్కల మీద అక్కర ఉంటుంది.

హక్కు విడుదల చేయించే ముందు మీ అక్కచెల్లెళ్లను ఒకసారి నేరుగా, అమ్మ ఎదుట కాకుండా, డబ్బు అవసరం ఉందేమో అడగండి. ఆడపిల్లలు అమ్మ ముందు అడగలేరు. ఎవరైనా తమ వాటా అమ్ముకోదలిస్తే, హిందూ వారసత్వ చట్టంలోని 22వ సెక్షను ప్రకారం కొనే తొలి అవకాశం తోటి వారసులదే. ఇది వ్యవసాయ భూమికి కూడా వర్తిస్తుందని 2019లో సుప్రీంకోర్టు చెప్పింది. కాబట్టి ఆ వాటాను పక్క పొలం ఆయనకు కాకుండా మీరే న్యాయమైన ధరకు, వాయిదాల మీదనైనా కొనుక్కోవచ్చు. విడుదల దస్తావేజు రాసేది ఆ మాట తేలిన తర్వాతే కావాలి. ఈలోగా ఆర్‌ఎస్‌ఆర్ నకలుకు అర్జీ పెట్టండి, అది చేతికి రావడానికి సమయం పడుతుంది.